తేయాకు కొండల మీద ఒక ఊరు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

కమిటీ వారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. "ఇంజనీరింగు గురించి మాత్రం వద్దు, భోజనాల తర్వాత అందరికీ నిద్రొస్తుంది. చూసొచ్చిన ఊరేదైనా ఉంటే చెప్పు" అన్నారు. సరే, ఊరి గురించే చెబుతాను. కాకపోతే ఊరు కొండ మీద ఉంటే ఇంజనీరింగు పిలవకపోయినా వచ్చి కూర్చుంటుంది. అందుకు నన్నేమీ అనకండి.

ఆ ఊరు మున్నార్. కేరళలో ఇడుక్కి జిల్లా. కొచ్చి నుంచి సుమారు 130 కిలోమీటర్లు. శబరిమల యాత్రకు వెళ్లిన మనవాళ్లు చాలామంది తిరుగు ప్రయాణంలో ఒక రోజు అటు వెళ్లి, నాలుగు ఫొటోలు దిగి, యాలకులు, టీ పొడి కొనుక్కుని వస్తుంటారు. అక్కడి భాషల్లో 'మూణు' అంటే మూడు, 'ఆరు' అంటే మన ఏరు. ముదిరప్పుళ, నల్లతన్ని, కుండల అనే మూడు ఏర్లు కలిసే చోటు కాబట్టి ఆ పేరు. ఊరు సముద్ర మట్టానికి దాదాపు 1,500 మీటర్ల ఎత్తున ఉంది. పక్కనే ఆనముడి శిఖరం, 2,695 మీటర్లు. హిమాలయాలకు దక్షిణాన మన దేశంలో అంతకంటే ఎత్తయిన శిఖరం లేదు.

ఏ వైపు చూసినా తేయాకు తోటలే. ఆకుపచ్చ కంబళి పరిచినట్టు ఉంటుంది. ఈ కంబళి దేవుడు పరిచింది కాదు. 1877లో జాన్ డేనియల్ మన్రో అనే ఆంగ్లేయుడు పూంజార్ రాజు దగ్గర ఈ కొండలను కౌలుకు తీసుకున్నాడు. అప్పటిదాకా ఇవి అడవులు, గడ్డి మైదానాలు. ముందు కాఫీ, సింకోనా వంటివి వేసి చూశారు. 1880 ప్రాంతంలో తేయాకు మొదలైంది. అదే నిలిచింది.

తేయాకు మొక్క దాని మానాన దాన్ని వదిలేస్తే చెట్టవుతుంది. నడుము ఎత్తు దాటకుండా కత్తిరిస్తూ పొదలా ఉంచుతారు. దానికి వాన బాగా కావాలి, కానీ వేరు దగ్గర నీళ్లు నిలవకూడదు. అందుకే ఏటవాలు కొండలు దానికి సరిపోయాయి. దూరం నుంచి చూస్తే పొదల మధ్య ముగ్గు గీతల్లా కనిపించేవన్నీ మనుషులు నడిచే దారులు. ఆ దారుల్లో వీపున బుట్టో సంచో వేసుకుని ఆడవాళ్లు 'రెండాకులు, ఒక మొగ్గ' లెక్కన కోస్తారు. ఇప్పుడు చాలాచోట్ల కత్తెరలతోనూ కోస్తున్నారు. నాలుగైదు కిలోల పచ్చాకు కోస్తే ఒక కిలో టీ పొడి వస్తుంది. పొద్దున మనం లేచీ లేవగానే "టీ ఏదీ?" అని అడిగే ముందు ఈ లెక్క ఒకసారి గుర్తుచేసుకోవాలి.

నల్లతన్నిలో టీ మ్యూజియం ఉంది. పిల్లలతో వెళ్లేవాళ్లు తప్పకుండా చూడండి. కోసిన ఆకును ముందు వాడబెడతారు. తర్వాత మనం రోజూ తాగే రకానికైతే పళ్లున్న రోలర్ల మధ్య నలిపి, చింపి, చుడతారు. అప్పుడు ఆకులోని రసం గాలి తగిలి పచ్చరంగు పోయి రాగి రంగుకు తిరుగుతుంది. సరైన సమయంలో వేడిగాలితో ఆరబెట్టి ఆ మార్పును ఆపేస్తారు. చివరగా జల్లెడ పట్టి సైజులవారీగా వేరు చేస్తారు. అందులో సన్నటిదే మన హోటళ్లలో మరిగే డస్ట్ టీ. చాలామంది అనుకుంటున్నట్టు అది ఊడ్చిన దుమ్ము కాదు!

ఇప్పుడు మాస్టార్ల అనుమతితో కాస్త నా సబ్జెక్టు. మున్నార్‌లో ఒకప్పుడు రైలు నడిచింది. 1902లో ఎడ్లు లాగే ఒంటి పట్టాల బండి వేశారు. 1908లో దాన్ని రెండడుగుల గేజి రైలుగా మార్చారు. టీ పెట్టెలు మున్నార్ నుంచి కుండల లోయ గుండా టాప్ స్టేషన్ అనే చోటికి వెళ్లేవి. అక్కడి నుంచి రోప్‌వే మీద కింద తమిళ దేశంలో బోడినాయకనూరు వైపు దిగేవి. ఆ తర్వాత తూత్తుకుడి రేవు, ఓడ, ఇంగ్లాండు.

1924 జూలైలో వానలు పట్టుకున్నాయి. కొండచరియలు విరిగాయి, వాగులకు అడ్డుపడ్డ మట్టికట్టలు తెగాయి, వంతెనలు, పట్టాలు కొట్టుకుపోయాయి. ఆ రైలును మళ్లీ వేయలేదు. కేరళలో పెద్దవాళ్లు ఇప్పటికీ దీన్ని 'తొంభైతొమ్మిది వరద' అంటారు, మలయాళ సంవత్సరం 1099 కాబట్టి. అప్పటి రైల్వే స్టేషను భవనంలో ఈనాడు టీ కంపెనీ ఆఫీసు ఉంది. కొచ్చి వైపు పాత రోడ్డు కూడా పోవడంతో కొత్త దారి వేసి, 1935లో నేరియమంగళం దగ్గర పెరియార్ నది మీద ఆర్చీల వంతెన తెరిచారు. మీరు వెళ్లే బస్సు ఆ వంతెన దగ్గరకు వచ్చినప్పుడు కిటికీలోంచి చూడండి.

ఇక మనుషుల గురించి. ఈ తోటల్లో పని చేసేవారిలో ఎక్కువమంది తమిళులు. తాత ముత్తాతలు కొండ దిగువ కరువు పల్లెల నుంచి వచ్చారు. వాళ్లుండే వరుస ఇళ్లను అక్కడ 'లయం' అంటారు. ఒకే కప్పు కింద పక్కపక్కన గదులు, ఒక్కో కుటుంబానికి చిన్న వాటా. ఇల్లు కంపెనీది. ఇంట్లో ఎవరో ఒకరు తోటలో పనిలో ఉన్నంతకాలమే ఆ ఇల్లు. రిటైరయితే ఖాళీ చేయాలి. నాలుగు తరాలు ఒకే కొండ మీద బతికినా సెంటు భూమి లేని కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఇక్కడ టీచర్లున్నారు కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను: బాగా చదివే పిల్లకు ఊరు దాటి వెళ్లే అవకాశం వస్తే, ఆ ఇంట్లో పిల్ల భవిష్యత్తుతో పాటు "మరి ఇల్లు?" అనే ప్రశ్న కూడా లేస్తుంది.

2005లో కంపెనీ చేతులు మారినప్పుడు కార్మికులకే వాటాలిచ్చారు. మంచి ప్రయోగమే. అయినా 2015 సెప్టెంబరులో బోనసు 20 శాతం నుంచి 10 శాతానికి తగ్గేసరికి వేలమంది ఆడవాళ్లు మున్నార్ రోడ్డు మీద కూర్చున్నారు. యూనియన్ నాయకులను కూడా దగ్గరకు రానివ్వలేదు. 'పెంబిళై ఒరుమై', అంటే మహిళల ఐక్యత, అని పేరు పెట్టుకున్నారు. తొమ్మిది రోజుల్లో తమ 20 శాతం సాధించుకున్నారు. అప్పుడు వాళ్ల రోజు కూలి 232 రూపాయలు. తర్వాత దాన్ని 301 చేశారు. కాగితం మీద వాటా ఉండడం వేరు, నెలాఖరుకు చేతిలో డబ్బు ఉండడం వేరు అని ఆ ఆడవాళ్లు దేశానికి చెప్పారు.

తర్వాత ఐదేళ్లకు, 2020 ఆగస్టు 6 రాత్రి, మున్నార్‌కు పైన రాజమల దగ్గర పెట్టిముడిలో కొండ విరిగింది. మట్టి, బండరాళ్లు, నీళ్లు కలిసి నిద్రపోతున్న లయాల మీదకు వచ్చాయి. 70 మంది పోయారు. వారిలో నలుగురి జాడ దొరకనే లేదు. కరెంటు లేదు, ఫోన్లు లేవు. కబురు బయటికి తెలిసేసరికి తెల్లవారింది. దారిలో పెరియవర దగ్గర తాత్కాలిక వంతెన కూడా దెబ్బతినడంతో సహాయం చేరడం ఇంకా ఆలస్యమైంది. బతికి బయటపడిన కొన్ని కుటుంబాలకు కుట్టియార్ లోయలో ఇళ్లు కట్టి ఇచ్చారు.

అక్కడ ఏం జరిగిందో సులువుగా చెబుతాను. మన పాత మట్టి మిద్దెలు గుర్తున్నాయి కదా. చినుకు పడితే పైపైన జారిపోతుంది. ముసురు పట్టి రోజుల తరబడి కురిస్తే మట్టి నీళ్లు తాగి బరువెక్కుతుంది. కొండ కూడా అంతే. పైన మట్టి పొర, కింద రాయి. నీళ్లు మట్టిలోంచి దిగి రాయి దగ్గర ఆగుతాయి. అక్కడ నీటి ఒత్తిడి పెరిగేకొద్దీ మట్టికీ రాయికీ మధ్య పట్టు సడలుతుంది. బరువు పెరిగి పట్టు తగ్గితే జారక ఏం చేస్తుంది? పెట్టిముడిలో ఆ ఒక్క రోజే 600 మిల్లీమీటర్లకు పైగా వాన పడింది. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు. ఆ లెక్కన ఎకరం మీద పడ్డ నీళ్లు 24 లక్షల లీటర్లు. మన వీధుల్లో తిరిగే 5,000 లీటర్ల ట్యాంకర్లు దాదాపు 485. ఒక్క ఎకరానికి, ఒక్క రోజులో!

ఇక్కడ ఒక విషయం గమనించాలి. పెట్టిముడిలో కొండ విరిగింది రిసార్టు కట్టినచోట కాదు, ఇళ్లకు చాలా పైన, అడవి వైపు. అంటే కొండను ఎవరూ తవ్వకపోయినా విరగవచ్చు. అలాంటప్పుడు మనుషుల చేతుల్లో ఉండేది ఒకటే: నీళ్లు దిగే దారిలో ఇల్లు కట్టకుండా ఉండడం. ఆ ఇళ్లు అక్కడే ఎందుకున్నాయి? ఎక్కడ ఉండాలో ఎంచుకునే హక్కు ఆ కుటుంబాలకు లేదు కాబట్టి. మరోవైపు, తవ్వినచోట విరగడమూ ఉంది. మున్నార్ నుంచి తమిళనాడు వైపు వెళ్లే గ్యాప్ రోడ్డును వెడల్పు చేసేటప్పుడు 2019లోనూ 2020లోనూ చరియలు పడి దారి మూతపడింది. కొండ అడుగు భాగాన్ని కోయడమంటే నిలబడ్డ మనిషి కాళ్ల కింద మట్టి తీయడమే.

ఇది కేరళ సంగతి, మనకెందుకు అనుకోవద్దు. 2024 ఆగస్టు 31న విజయవాడ మొగల్రాజపురంలో కొండచరియ ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. అరకు, లంబసింగి వైపు సెలవుల్లో రద్దీ ఏటేటా పెరుగుతోంది, కట్టడాలూ పెరుగుతున్నాయి. మున్నార్ నేర్చుకున్న పాఠం మనం ప్రాణాలు పోగొట్టుకోకుండానే నేర్చుకోవచ్చు.

మరి మున్నార్ వెళ్లొద్దా? తప్పకుండా వెళ్లండి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. జూన్ నుంచి ఆగస్టు వరకు భారీ వాన హెచ్చరిక ఉన్న రోజుల్లో, గది డబ్బులు పోతే పోయాయనుకుని ప్రయాణం మానుకోండి. గది తీసుకునే ముందు "వ్యూ ఉందా?" అని మాత్రమే కాక, "వెనక కొండను కోసి కట్టారా, పక్కన వాగు ఉందా?" అని కూడా అడగండి. ఎరవికుళం జాతీయ పార్కులో వరయాడు అనే కొండమేకలను చూడండి, బిస్కెట్లు మాత్రం పెట్టకండి. తోటలో ఆకు కోస్తున్న అక్కను అడగకుండా ఫొటో తీయకండి. వచ్చిన నాలుగు తమిళ ముక్కలతో పలకరించండి, ఆమె బదులు చెబుతుంది.

చివరగా ఒక ప్రతిపాదన, రెండు నిమిషాలు. స్వర్ణోత్సవ గుర్తుగా ఏం చేద్దామని కమిటీ అడుగుతోంది. గేటుకు ఆర్చి కట్టేవాళ్లు ఎలాగూ ఉన్నారు. దానితో పాటు బడి ఆవరణలో ఒక వర్షమాపకం పెడదాం. పెద్ద ఖర్చు కాదు. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు ఎనిమిదో తరగతి పిల్లలు కొలిచి, పుస్తకంలో రాసి, బోర్డు మీద వేయాలి. తేయాకు తోటల్లో వాన లెక్క రోజూ రాసి ఉంచడం పాత అలవాటు. మన ఊళ్లో చెరువు కట్ట ఎప్పుడు బలహీనపడుతుందో, కాలువ ఎప్పుడు పొంగుతుందో పదేళ్ల లెక్క చేతిలో ఉంటే ఈ పిల్లలే చెప్పగలుగుతారు. మాపకం ఖర్చు మా బ్యాచి పెట్టుకుంటుంది. వెనక బెంచీల వాళ్లు చేతులెత్తారు, అందరూ చూశారు కాబట్టి ఇక తప్పించుకోలేరు.

మున్నార్ కొండల్లో నీలకురింజి పన్నెండేళ్లకోసారి పూస్తుంది. 2006లో పూసింది, 2018లో పూసింది. మళ్లీ 2030లో. అప్పుడు వెళ్లాలనుకునే వాళ్లు ఇప్పుడే నాకు పేర్లివ్వండి. గురువులకు కిటికీ సీట్లు.