కంప్యూటరును ఆపాలా, వదిలేయాలా?

(రాత్రి చదువు కేంద్రంలో మహిళల ముందు చేసిన ప్రసంగం)



కరెంటు పొదుపు గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. అన్నీ చెప్పాలంటే తెల్లారుతుంది. అందుకే ఒక్క సంగతే చెబుతాను. ఇంట్లో కంప్యూటరు ఉంది. పని అయిపోయింది. దాన్ని ఆపాలా? అట్లనే ఉంచాలా?

ఇది చిన్న ప్రశ్నే. కానీ దీని వల్ల మా ఇంట్లో ఒకనాడు ఏడుపులయ్యాయి. ముందు ఆ ముచ్చట వినండి.

మా బిడ్డ డిగ్రీ చదివేటప్పుడు ఒక పాత కంప్యూటరు కొన్నాం. నేను బట్టలు కుట్టి దాచిన డబ్బులతో కొన్నాం. టేబుల్ మీద పెట్టి, పైన బట్ట కప్పాం. నేను దాన్ని ముట్టేదాన్ని కాదు. ముట్టుకుంటే చెడిపోతుందని భయం.

ఒకరోజు బిడ్డ మధ్యాహ్నం నుంచి దాని ముందే కూర్చుని టైపు చేస్తోంది. మధ్యలో లేచి నీళ్లు పట్టడానికి పోయింది. తెర వెలుగుతూనే ఉంది. మనిషి లేదు, ఉత్తగా కరెంటు కాలుతోంది అనుకున్నాను. ఫ్యాను ఆపినట్టు గోడకున్న స్విచ్చి టక్కున ఆపేశాను.

బిడ్డ వచ్చి చూసింది. "అమ్మా, ఎంత పని చేసినవే!" అని అక్కడే కూలబడింది. ఆరు పేజీలు పోయాయి. మర్నాడు కాలేజీలో ఇవ్వాల్సిన పేజీలు. రాత్రంతా మేలుకుని మళ్లీ కొట్టింది. నేనూ పక్కనే కూర్చున్నాను. ఆమెను ఒక్కతెను వదిలి పడుకోబుద్ధి కాలేదు.

ఆ తర్వాత కంప్యూటరును ఎవరూ ఆపలేదు. నేను భయపడి ముట్టలేదు. బిడ్డ కూడా ఆపలేదు. "మాటిమాటికి ఆపితే తొందరగా పాడైతదట" అన్నది. రాత్రీ పగలూ అది నడుస్తూనే ఉంది. నెల తిరిగింది. బిల్లు చూసి నోరు తెరిచాం.

చూశారా? తెలియక ఆపితే ఒక నష్టం. తెలియక ఆపకపోతే ఇంకో నష్టం. రెండింటికీ మూలం ఒకటే, తెలియకపోవడం.

పలక, నోటుబుక్కు

ఆరు పేజీలు ఎట్లా పోయాయి? చెబుతాను.

మనం ఇక్కడ ముందు పలక మీద రాస్తాం. సరిగా వచ్చాక నోటుబుక్కులో ఎక్కిస్తాం. పలక మీది రాత చెయ్యి తగిలితే పోతుంది. నోటుబుక్కులోది ఉంటుంది. కంప్యూటరులో కూడా ఒక పలక, ఒక నోటుబుక్కు ఉంటాయి. పలక పేరు ర్యామ్. నోటుబుక్కు పేరు హార్డ్ డిస్క్. ఈ పలక మీద రాత నిలవాలంటే కరెంటు ఉండాలి. కరెంటు పోతే పలక తుడుచుకుపోతుంది.

పలక మీది రాతను నోటుబుక్కులో ఎక్కించడాన్నే సేవ్ చేయడం అంటారు. బిడ్డ ఇంకా సేవ్ చేయలేదు. నేను స్విచ్చి ఆపాను. పలక తుడిచేశాను.

ఇంకో సంగతి. కంప్యూటరు ఎప్పుడూ లోపల ఏదో రాసుకుంటూ ఉంటుంది. రాసేటప్పుడు నోటుబుక్కు గుంజుకుంటే కాగితం చినుగుతుంది కదా. గోడ స్విచ్చి ఒక్కసారిగా ఆపినా అంతే. ఫైళ్లు పాడు కావచ్చు. అందుకే ముందు తెర మీద షట్ డౌన్ అనేది నొక్కాలి. అప్పుడు కంప్యూటరు తన సామాను సర్దుకుని తానే ఆగుతుంది. తెర నల్లబడి, చప్పుడు ఆగాక గోడ స్విచ్చి ఆపాలి. 1995లో విండోస్ 95 వచ్చినప్పుడు చాలా కంప్యూటర్లు తామంతట తాము ఆగేవి కావు. ఇప్పుడు ఆపవచ్చు అని తెర మీద రాత వచ్చేది. అది చూసి మనిషి బటన్ నొక్కేవాడు. ఇప్పుడు ఆ శ్రమ కూడా లేదు.

మీటరు ఏమంటోంది?

ఇక బిల్లు లెక్క చూద్దాం. 1000 వాట్ల వస్తువు ఒక గంట నడిస్తే 1 యూనిట్. టేబుల్ మీది కంప్యూటరు, దాని తెర కలిపి 100 వాట్లు అనుకుందాం. కొన్నిటికి తక్కువ, కొన్నిటికి ఎక్కువ. 100 వాట్లు 10 గంటలు నడిస్తే 1 యూనిట్. రోజూ రాత్రి 10 గంటలు ఉత్తగా వదిలేస్తే నెలకు 30 యూనిట్లు. ఖాళీ గదిలో ఫ్యాను తిరిగితే మనం ఊరుకుంటామా? ఇది అంతకన్నా ఎక్కువే తింటుంది.

మన తెలంగాణలో 2024లో గృహజ్యోతి మొదలైంది. అర్హత ఉన్న ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు లేదు. దాటితే కట్టాల్సిందే. ఒక ఇంట్లో నెలకు 180 యూనిట్లు కాలుతున్నాయి అనుకోండి. ఈ 30 కలిస్తే 210. అంటే ఎవరూ వాడని కంప్యూటరు ఆ ఇంటికి బిల్లు తెచ్చిపెడుతుంది.

ల్యాప్‌టాప్ చాలా తక్కువ కరెంటు తీసుకుంటుంది. అయినా పని లేనప్పుడు నడిచేది దండగే.

తెర మీద బొమ్మలు కదులుతూ ఉంటే కరెంటు ఆదా అవుతుందని కొందరు అనుకుంటారు. కాదు. బొమ్మ కదిలినా తెర వెలుగుతున్నట్టే.

మాటిమాటికి ఆపితే పాడవుతుందా?

ఈ మాట ఉత్తగా పుట్టలేదు. పాత రేడియోలు గుర్తున్నాయా? లోపల గాజు వాల్వులు ఉండేవి. వేడెక్కాక గానీ పాట వచ్చేది కాదు. 1946లో అమెరికాలో ఎనియాక్ అనే పెద్ద కంప్యూటరును లోకానికి చూపించారు. దానిలో దాదాపు 18 వేల వాల్వులు ఉండేవి. అవి వేడెక్కేటప్పుడు, చల్లారేటప్పుడే ఎక్కువగా పోయేవి. అందుకని దాన్ని ఆపకుండా ఉంచేవాళ్లు. అప్పటికి అది సరైన పనే.

ఇప్పటి కంప్యూటర్లలో ఆ వాల్వులు లేవు. తిరిగే హార్డ్ డిస్కును కూడా వేల సార్లు ఆగి మొదలయ్యేలా తయారు చేస్తారు. రోజుకు రెండుసార్లు ఆపినా ఐదేళ్లకు 3,650 సార్లే. చాలా కొత్త వాటిలో తిరిగే డిస్కు కూడా ఉండదు.

మొదలయ్యేటప్పుడు కరెంటు చాలా గుంజుతుంది అంటారు. కొంచెం ఎక్కువే. కానీ అది ఒకటి రెండు నిమిషాల ముచ్చట. గంటలకొద్దీ వదిలేసిన దానితో పోలిస్తే ఎంత?

మరి ఐదు నిమిషాలకు లేస్తే?

దోసెలు పోసేటప్పుడు దోసెకూ దోసెకూ మధ్య పొయ్యి ఆర్పుతామా? ఆర్పం. మంట తగ్గిస్తాం. వంట అయ్యాక ఆర్పేస్తాం. కంప్యూటరుకు కూడా ఇదే పద్ధతి.

నీళ్లకు పోయినా, అన్నానికి పోయినా స్లీప్ నొక్కాలి. స్లీప్ అంటే నిద్ర. తెర ఆరిపోతుంది. పలక మీద రాత మాత్రం ఉంటుంది. నిద్రలో 3 వాట్లు తీసుకుంటే, రోజూ 10 గంటల చొప్పున నెలకు 1 యూనిట్ కూడా కాదు. కానీ జాగ్రత్త. టేబుల్ కంప్యూటరు నిద్రలో ఉండగా కరెంటు పోతే పలక తుడుచుకుపోతుంది. అందుకే నిద్ర పుచ్చే ముందు కూడా సేవ్ చేయాలి. రాత్రికి మాత్రం షట్ డౌన్ చేయాలి.

కొన్నిసార్లు తెర మీద అప్‌డేట్ అవుతోంది, ఆపవద్దు అని వస్తుంది. అప్పుడు ఆగాలి. ఆ పని పూర్తి కానివ్వాలి.

ఎండాకాలం చివర ఉరుములు, మెరుపులు వస్తాయి. మబ్బు పట్టగానే షట్ డౌన్ చేసి, ప్లగ్గు పీకేయాలి. ఇంటర్నెట్ వైరు కూడా తీసేయాలి. స్విచ్చి ఆపితే చాలదు. పిడుగు కరెంటు స్విచ్చిని లెక్కచేయదు. మెరుపులు నెత్తి మీదికి వచ్చాక మాత్రం ప్లగ్గు ముట్టవద్దు. వస్తువు కన్నా ప్రాణం ముఖ్యం.

చివరగా ఒక మాట

మా బిడ్డ ఈ పనులన్నీ ఒక కాగితం మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాసింది. కంప్యూటరు పక్కన గోడకు అంటించింది. ఈ కేంద్రంలో నేర్చుకున్న అక్షరాలతో దాన్ని నేను కూడబలుక్కుని చదివాను. ఆ రాత్రి మౌసు పట్టుకున్నాను. చెయ్యి వణికింది. షట్ డౌన్ నొక్కాను. తెర నల్లబడింది. ఏమీ చెడిపోలేదు.

ఇప్పుడు రాత్రి పూట మా ఇంట్లో కంప్యూటరు ఆపేది నేనే. మీరూ భయపడకండి. ఆడవాళ్లు ముట్టకూడని వస్తువు ఇంట్లో ఏదీ లేదు. నేర్చుకుని ముట్టండి, అంతే.

సెలవు.

గుర్తుంచుకుందాం

1. ముందు సేవ్ చేయాలి.
2. కాసేపటికి లేస్తే స్లీప్ నొక్కాలి.
3. రోజు పని అయిపోతే షట్ డౌన్ చేయాలి. తర్వాతే గోడ స్విచ్చి ఆపాలి.
4. ఉరుములు రాకముందే ప్లగ్గు పీకాలి.

మీరే లెక్క కట్టండి

ఒక కంప్యూటరు 100 వాట్లది. దాన్ని రోజూ 5 గంటలు ఉత్తగా వదిలేశారు. 30 రోజులకు ఎన్ని యూనిట్లు కాలుతాయి? మీ ఇంటి బిల్లు మీద యూనిట్ల అంకె ఎక్కడ ఉందో వెతికి చదవండి.