నిక్స్ దగ్గర డబ్బుంది, స్టార్లు మాత్రం పక్క టీమ్‌కి!

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది అడిగింది ఒకటే: "అన్నా, ఎన్‌బీఏలో డబ్బున్న టీమ్ పెద్ద ప్లేయర్లని కొనేసుకోవచ్చు కదా?"

కుదరదండీ. ఐపీఎల్ వేలంలో ఎవరు ఎక్కువ పాడితే ప్లేయర్ వాళ్లకే. ఫ్రీ ఏజెన్సీలో కాంట్రాక్ట్ అయిపోయిన ప్లేయర్ నాలుగు ఆఫర్లు చేతిలో పెట్టుకుని, తనే ఒకటి ఎంచుకుంటాడు. మన ఐటీ వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు, నోటీస్ పీరియడ్‌లో మనం చేసే పనే. పైగా స్టార్ జీతానికి లీగే ఒక గరిష్ఠ పరిమితి పెట్టింది. అంటే డబ్బు దగ్గర టీమ్‌ల మధ్య పెద్ద తేడా ఉండదు.

2019 న్యూయార్క్ నిక్స్‌నే తీసుకోండి. టీమ్ మొత్తం జీతాల క్యాప్ అప్పట్లో సుమారు 109 మిలియన్ డాలర్లు. అందులో ఇద్దరు సూపర్‌స్టార్లకి చోటు చేద్దామని ఆ జనవరిలో తమ బెస్ట్ ప్లేయర్ పోర్జింగిస్‌ని డాలస్‌కి ట్రేడ్ చేసేశారు. సీజన్ రికార్డ్? 17 గెలుపులు, 65 ఓటములు. ఫ్యాన్స్ ఓర్చుకున్నారు, ఎందుకంటే కెవిన్ డ్యురాంట్, కైరీ అర్వింగ్ వస్తారని ఆశ.

జూన్ 30 వచ్చింది. ఇద్దరూ న్యూయార్క్‌కే వచ్చారు... కానీ బ్రూక్లిన్ నెట్స్‌కి! నెట్స్ అంతకుముందు సీజన్‌లో 42 మ్యాచ్‌లు గెలిచి ప్లేఆఫ్స్ ఆడిన టీమ్. డ్యురాంట్ తర్వాత చెప్పింది కూడా అదే: ఇప్పటి కుర్రాళ్లు నిక్స్ బాగా ఆడటం చూడనే లేదు, ఆ పేరుకి వాళ్లలో క్రేజ్ లేదు అని. మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్ ఎంత ఫేమస్ అయితే ఏం లాభం, రోజూ ఓడిపోయే టీమ్‌లో ఎవరు చేరతారు?

(నెట్స్ కూడా బాగుపడలేదు లెండి. హార్డెన్‌ని కూడా తెచ్చుకున్నారు, ముగ్గురూ కలిసి ఆడింది 16 మ్యాచ్‌లే. 2023 ఫిబ్రవరికల్లా అంతా ఖాళీ.)

మరి నిక్స్ ఎలా లేచారు? 2022లో జేలెన్ బ్రన్సన్‌ని 4 ఏళ్లకి 104 మిలియన్లకి తీసుకున్నారు. అప్పటికి అతను ఒక్కసారి కూడా ఆల్‌స్టార్ కాదు, ఎక్కువ ఇచ్చారని చాలామంది నవ్వారు. వాళ్ల నాన్న రిక్ అదే టీమ్‌లో అసిస్టెంట్ కోచ్‌గా చేరారు. టైమ్ కంటే ముందే బ్రన్సన్‌తో మాట్లాడారని లీగ్ ఒక డ్రాఫ్ట్ పిక్ కూడా లాగేసుకుంది. నన్నడిగితే చాలా చవక బేరం!

అసలు ట్విస్ట్ 2024లో. ఇంకో ఏడాది ఆగితే బ్రన్సన్‌కి 5 ఏళ్లకి 269 మిలియన్లు వచ్చేవి. ఆగకుండా 4 ఏళ్లకి 156.5కే సైన్ చేశాడు. టీమ్‌కి జీతాల్లో కాస్త ఊపిరాడింది. బ్రిడ్జెస్, టౌన్స్ ఇద్దరూ ట్రేడ్‌లోనే వచ్చారు, ఫ్రీ ఏజెన్సీలో కాదు. 2025లో ఈస్ట్ ఫైనల్ ఆడారు, 25 ఏళ్ల తర్వాత!

అందుకే ఏ టీమ్‌కైనా "ఇద్దరు స్టార్లకి చోటుంది" అని వార్త వస్తే, నేను ముందు చూసేది ఇప్పటికే అక్కడున్న ఆ మిగతా పది మంది ఎవరా అని.

లేకర్స్ గురించి అడిగినవాళ్లు ఆగండి, అది వచ్చే ఎపిసోడ్‌లో.