తలనొప్పి అనుకుని పడుకోబెట్టకండి

ఈరోజు మోషన్ గురించి మాట్లాడుకుందాం. సిగ్గుపడకండి, ఇరవై ఏళ్ళుగా ఇది నేను రోజూ చేసే పనే.

మన వార్డులో తాటిచెట్టు మీదనుండి పడిన ఒక తమ్ముడు ఉండేవాడు. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింది. ఇంటికి వెళ్ళిన నెలకు ఒక సాయంత్రం తల పగిలిపోతోందన్నాడు. ముఖం ఎర్రబడింది, నుదుటినిండా చెమటలు. వాళ్ళమ్మ తలనొప్పి బిళ్ళ వేసి, దుప్పటి కప్పి పడుకోబెట్టింది. నొప్పి ఇంకా పెరిగింది. ఆటోలో తెచ్చేసరికి బి.పి. 190. నాలుగు రోజులుగా మోషన్ కాక మలం గట్టిపడి ఉంది. అది తీశాకే బి.పి. దిగింది. ఆ తల్లిది తప్పు కాదు, మనం ఆమెకు చెప్పలేదు.

మెడలో గాని, వీపు పైభాగంలో ఆరవ పూస వరకు గాని వెన్నుపాము దెబ్బతిన్నవారికి ఇలా రావచ్చు. పొట్టలో ఇబ్బంది ఉన్నా వారికి తెలియదు. కాని కింది రక్తనాళాలు బిగుసుకుని బి.పి. ఒక్కసారిగా పెరుగుతుంది. తగ్గమని మెదడు పంపే కబురు దెబ్బ తగిలిన చోటే ఆగిపోతుంది. దీని పేరు ఆటోనామిక్ డిస్‌రెఫ్లెక్సియా. చీటీ మీద రాసిస్తాను, జేబులో పెట్టుకోండి, ఏ డాక్టరుగారి దగ్గరికి వెళ్ళినా చూపించండి. వీరి మామూలు బి.పి. తరచు 90, 100 మాత్రమే ఉంటుంది గనుక 140 కూడా వీరికి ఎక్కువే.

మొదట కూర్చోబెట్టండి, కాళ్ళు కిందికి వేలాడనివ్వండి. లుంగీ ముడి, బెల్టు వదులు చేయండి. తరువాత మూత్రం గొట్టం మెలికపడిందా, బ్యాగు నిండిందా చూడండి. ఎక్కువసార్లు కారణం అక్కడే దొరుకుతుంది. అది బాగుంటే అప్పుడు మలం. గ్లవ్స్ వేసుకుని, లిగ్నోకైన్ జెల్లీ రాసి ఐదు నిమిషాలు ఆగండి. ఆగకుండా వేలు పెడితే బి.పి. ఇంకా పెరుగుతుంది. మెల్లగా తీయండి. తలనొప్పి ఎక్కువైతే ఆపేయండి. తగ్గకపోతే కూర్చోబెట్టే ఆస్పత్రికి తీసుకురండి, ఆలస్యమైతే మెదడులో రక్తస్రావం కావచ్చు.

అసలు అంతదాకా రానివ్వకూడదు. రోజూ గాని, రోజు విడిచి రోజు గాని ఒకే వేళకు మోషన్ చేయించండి. టిఫిన్ తిన్న అరగంటకు పేగు కదులుతుంది, ఆ వేళ పోనివ్వకండి. కోడలు ఈ పని చేయనంటోందని కొందరు అత్తగార్లు నాతో చెబుతారు. ఆ అమ్మాయికి ఎవరైనా నేర్పారా అని అడుగుతాను.

రేపు టిఫిన్లయ్యాక తెర వేసి ఒక్కొక్కరికి విడిగా చూపిస్తాను. గ్లవ్స్ నేను తెస్తాను, మీరు గోళ్ళు కత్తిరించుకుని రండి.