కంపెనీలో మన సొమ్మెంత?



2002 నాటి చట్ట సవరణ వలన రైతులే వాటాదారులుగా ఉత్పత్తిదారుల కంపెనీలు పెట్టుకొనుటకు వీలు కలిగినది. అందు వాటా గలవారు ఏటేటా ఆస్తి అప్పుల పట్టీని చదువవలెను.

ఆస్తులనుండి అప్పులు తీసివేయగా మిగిలినదే వాటాదారుల నిధి. ఆస్తి 50 లక్షలు, అప్పు 35 లక్షలు అనుకొందము. మిగిలిన 15 లక్షలలో 10 లక్షలు మనము కట్టిన వాటాధనము. 5 లక్షలు లాభములనుండి కూడబెట్టిన రిజర్వు. రిజర్వనగా పెట్టెలోని రొక్కమని భ్రమపడరాదు. అది గిడ్డంగిగా, యంత్రములుగా, సరుకుగా మారియుండవచ్చును.

సరుకు పాడై 6 లక్షలు నష్టము వచ్చినచో రిజర్వంతయు పోయి, వాటాధనములో లక్ష తరుగును. అప్పు మాత్రము పైసా తగ్గదు. కావున సర్వసభ్య సమావేశములో "మాకు పంచునదెంత?" అనుటకు ముందు, "నిరుటికంటె ఈ నిధి పెరిగినదా, తరిగినదా?" అని అడుగుడు.