ఎనిమిదో తరగతి తర్వాత గ్రౌండులో ఆడపిల్లలేరి?
(అల్ఫారెట్టా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నేను వక్తను కాదు. నిజామాబాద్ జిల్లాలో ఇరవై ఆరేళ్లు పీఈటీగా చేసి, రిటైరయ్యాక కొడుకు దగ్గరికి వచ్చినదాన్ని. నాకు తెలిసినవి విజిలూ, గ్రౌండూ అంతే.

మా బడిలో ఏడో తరగతి దాకా ఖోఖో అంటే ఆడపిల్లలు ఎగబడేవాళ్లు. ఎనిమిదిలోకి రాగానే ఒక్కొక్కరే చెట్టు కింద చేరేవాళ్లు. "కడుపునొప్పి టీచర్" అనేవాళ్లు. బద్ధకమని మొదట్లో నేనూ తిట్టాను. తర్వాత ఒకమ్మాయి ఇంటికి వెళ్తే సంగతి తెలిసింది. తండ్రి దుబాయిలో, తల్లి బీడీలు చుడుతుంది. పిల్ల పెద్దమనిషి అయింది. బడిలో మరుగుదొడ్డికి తలుపు లేదు. ఆడి ఇల్లు చేరేసరికి చీకటి. వచ్చాక నీళ్లు మోయాలి, తమ్ముణ్ని చూసుకోవాలి. "రేపు ఎవరన్నా ఏమన్నా అంటే మా ఆయనకు నేనేం జవాబు చెప్పాలె టీచరమ్మా?" అంది ఆ తల్లి.

నా దగ్గర జవాబు లేదు. ముందు తలుపు పెట్టించాను. ఆటను సాయంత్రం నుంచి పొద్దున ప్రార్థనకు ముందుకు మార్చాను. పంజాబీ డ్రెస్సులోనే ఆడమన్నాను. దుబాయి తండ్రితో ఫోనులో మాట్లాడాను. చాలాసేపు ఊరుకుని, "చదువు ఖరాబు కాకుండా చూడండి మేడం" అన్నాడు. ఒప్పుకున్నట్టే కదా! పదకొండు మంది గ్రౌండుకు తిరిగొచ్చారు. అందరూ రాలేదు.

మా జిల్లాలోనే పాకాల అని ఊరుంది. అక్కడి కూలీల బిడ్డ మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి 14 ఏళ్లు నిండలేదు. ఆ ఫొటో చూసి అందరం చప్పట్లు కొట్టాం. ఫొటోలో కనపడనిది సాంఘిక సంక్షేమ గురుకులం. తిండి, ఉండే చోటు, నేర్పే మనిషి, అన్నీ అక్కడ దొరికాయి. భువనగిరి గుట్ట మీద తాడు పట్టుకోవడంతో మొదలైంది. విశాఖ జ్యోతి యర్రాజి తండ్రి సెక్యూరిటీ గార్డు. ఆమె 2023లో బ్యాంకాక్ ఆసియా పోటీల్లో 100 మీటర్ల హర్డిల్స్‌లో బంగారం తెచ్చింది.

అందరికీ పతకాలు రావు, రానక్కర్లేదు. ఈ వయసు పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు కదపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 2016 నాటి లెక్కల్లో, ప్రపంచమంతటా బడికెళ్లే 11–17 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 85 మంది ఆ మాత్రం కూడా కదలడం లేదు. ఇంకో మాట, ఖాళీ కడుపుతో మాత్రం పరిగెత్తించకండి. రక్తం తక్కువున్న పిల్లలు కళ్లు తిరిగి పడిపోవడం నేను చూశాను.

ఇక్కడి విల్స్ పార్కు, బిగ్ క్రీక్ గ్రీన్‌వే చూసి ఎంత మురిసిపోయానో! కానీ హోటళ్లలో, గ్యాస్ స్టేషన్లలో రెండు షిఫ్టులు చేసే మనవాళ్ల ఇళ్లలో ఆడపిల్ల అపార్ట్‌మెంట్లోనే ఉండిపోతోంది. పార్కుకు డబ్బు అక్కర్లేదు, తీసుకెళ్లి తీసుకొచ్చే మనిషి లేడు. అక్కడ చీకటి, ఇక్కడ కారు. తల్లి భయం మాత్రం ఒక్కటే.

శనివారం పొద్దున తొమ్మిదికి నేను విల్స్ పార్కులో ఉంటాను, విజిల్ తెచ్చుకున్నాను. వెనక సీటు ఖాళీ ఉన్న ఆడవాళ్లు వెళ్లేముందు తలుపు దగ్గరి కాగితం మీద పేరు రాయండి. ఊళ్లో బడికి డబ్బు పంపేవాళ్లు ముందు మరుగుదొడ్డికి తలుపుందో లేదో ఫోను చేసి కనుక్కోండి.