నాచులోని పోషకములు - ఔషధగుణములు

(చందానగర్ గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



చెరువు మెట్లపై జారిపడిన వానికి పాచి శత్రువు. నీళ్లతొట్టి కడుగు ఇల్లాలికి పాచి మాలిన్యము. పాచిపని, పాచిముఖము అను మాటలలోనే దానియెడ జనులకు గల చిన్నచూపు తెలియుచున్నది. అట్టి పాచి కులమునకే చెందిన కొన్ని నాచులలో మాంసకృత్తులును, విటమినుల మూలద్రవ్యములును, దేహరక్షణకు తోడ్పడు వర్ణకములును గలవు. వీనిపై జరిగిన పరిశోధనలలో ముఖ్యమైన దొకటి చందానగరమునకు కొద్దిమైళ్ల దూరమున, హైదరాబాదు విశ్వవిద్యాలయమున జరిగినది.

తరిగిన వంకాయముక్కలు గాలి తగిలినచో నల్లబడును. నిలువయున్న నూనె కనరువాసన కొట్టును. ఈ రెండును ఆమ్లజని చేయు పనులే. మానవదేహమునందును ఆమ్లజని వలన కొన్ని తీవ్రములైన అణువులు పుట్టి జీవకణములకు హాని చేయును. ఆ తీవ్రత నణచు పదార్థములే యాంటీఆక్సిడెంట్లు. పగలంతయు ఎండలో, తాము విడుచు ఆమ్లజని నడుమనే బ్రదుకు నాచులకు ఈ రక్షణ మిక్కిలి అవసరము. ఉప్పుమడులలో పెరుగు డునాలియెల్లా యందు బీటా-కెరోటిన్, సముద్రపు గోధుమవన్నె నాచులందు ఫ్యూకోజాంథిన్, స్పైరులినా యందు నీలవర్ణముగల ఫైకోసయనిన్ లభించును.

స్పైరులినాను నేటి శాస్త్రము బాక్టీరియాలలో చేర్చినను, వాడుకలో అది నీలిఆకుపచ్చ నాచుగనే ప్రసిద్ధము. ఎండిన స్పైరులినా బరువులో సగమునకు పైగా మాంసకృత్తులే. ఆఫ్రికాలోని చాద్ సరస్సు ప్రాంతపు స్త్రీలు దీనిని నీటినుండి తీసి, ఇసుకపై ఎండబెట్టి, బిళ్లలుగా కోసి, పులుసులలో వేసి వండుదురు.

2000వ సంవత్సరమున ఆచార్య పి. రెడ్డన్నగారి బృందము, బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ వారితో కలిసి, ఫైకోసయనిన్‌ను పరీక్షించెను. వాపును, నొప్పిని పుట్టించు పదార్థముల తయారీలో పాల్గొను కాక్స్-2 అను ఎంజైమును ఈ నీలివర్ణకము అడ్డగించినది. ఆనాటి మందులైన సెలెకాక్సిబ్, రోఫెకాక్సిబ్‌ల కంటె తక్కువ పరిమాణముతోనే ఆ పని చేసినది. అయితే రంగునిచ్చు భాగమును మాత్రము విడదీసి చూడగా ఆ శక్తి చాల తగ్గినది. అనగా మాంసకృత్తుతో కూడిన పూర్తి రూపమే ప్రధానము. తిన్న మాంసకృత్తు కడుపులో జీర్ణమై ముక్కలగును గదా! గాజుగొట్టములోని ఫలితము భోజనముతోను అట్లే కలుగునని తలచుట తొందరపాటు.

మరియొక సంగతి గమనింపదగినది. ఆ రోఫెకాక్సిబ్ మందునే, గుండెపోటు ముప్పును పెంచుచున్నదని తేలినందున, 2004లో తయారీదారులు ప్రపంచమంతట ఉపసంహరించుకొనిరి. ప్రయోగశాల దాటి, ఆసుపత్రి దాటి, లక్షలమంది వాడిన పిమ్మట గాని ఒక మందు గుణదోషములు పూర్తిగా బయటపడలేదు.

మనుష్యులపై జరిగిన పరీక్షలును కలవు. 1958లో కూనూరునుండి హైదరాబాదునకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయము నేడు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. పసిపిల్లల దేహము స్పైరులినాలోని కెరోటిన్‌ను గ్రహించి వినియోగించుకొనగలదని ఆ సంస్థ శాస్త్రజ్ఞులు 1991లో ప్రకటించిరి. విటమిన్-ఏ లోపము పిల్లల కనుచూపును హరించునది గనుక ఇది విలువైన ఫలితము. అయినను మునగాకు, తోటకూర, బొప్పాయి సైతము కెరోటిన్ నిచ్చునవే.

కేరళలో పొగాకు నములువారి నోటి తెల్లమచ్చలపై జరిగిన పరిశోధన 1995లో వెలువడినది. ఏడాదిపాటు దినమునకు 1 గ్రాము స్పైరులినా తినిన 44 మందిలో 20 మందికి మచ్చలు పూర్తిగా పోయినవి. అది తినని 43 మందిలో 3 గురికే పోయినవి. కాని తినుట మానిన ఏడాదిలోపల ఆ 20 మందిలో 9 మందికి మచ్చలు మరల కనిపించినవి.

యాంటీఆక్సిడెంట్ ఎంత తినిన అంత మేలనుటయు పొరపాటే. ఫిన్లండులో 29,133 మంది పొగత్రాగు పురుషులపై జరిగిన పరీక్షలో, బీటా-కెరోటిన్ మాత్రలు మ్రింగినవారికి ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గకపోగా 18 శాతము పెరిగెనని 1994లో తేలినది. స్పైరులినాలో విటమిన్ బి-12 సమృద్ధమని విని శాకాహారులు దానిపై ఆధారపడుటయు ప్రమాదమే. అందు కనిపించునది అధికభాగము బి-12ను పోలిన వేరొక పదార్థము. మన దేహమునకు అది పనికిరాదు.

గంగారం చెరువు మొదలుకొని ఈ ప్రాంతపు ఏ చెరువు పాచియు తినదగినది కాదు. మురుగు చేరిన నీట పెరుగు మైక్రోసిస్టిస్ అను నాచు కాలేయమును చెరచు విషమును పుట్టించును. తినదగిన స్పైరులినాను శుభ్రమైన తొట్లలో, క్షారజలమున, ప్రత్యేకముగా పెంచి, పరీక్షించి, ఎండబెట్టుదురు.

కావున అంగడిలో నాచుమాత్రల డబ్బా చేతబట్టినవారు మూడు ప్రశ్నలు వేయవలెను: ఈ గుణము తేలినది గాజుగొట్టములోనా, మనుష్యులలోనా? ఎందరిలో? ఎంతకాలము చూచిరి? సరియైన సమాధానము దొరకనిచో డబ్బు నిలుపుకొని కూరగాయల అంగడికి పోవుట మేలు. వైద్యుడిచ్చిన మందును మాత్రము నాచును నమ్మి మానరాదు. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము పాఠకులకు నేర్పినదియు ఇదియే: అచ్చులో కనిపించిన ప్రతి మాటను నమ్మక, దాని ఆధారమును వెదకి చదువుట.