సూది మధ్యలోనే ఉంది

(పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను వృత్తిరీత్యా ఇంజినీరుని. ఫొటోలు తీయడం సెలవురోజు సరదా. ఈ మధ్య మనవాళ్ల పిల్లలు కెమెరా కొనుక్కుని, "అంకుల్, ఎక్స్‌పోజర్ నేర్చుకోవడానికి ఏ పుస్తకం చదవాలి?" అని అడుగుతున్నారు. పేరు చెప్పబోతుంటే నాకు మన బడి గోడ గుర్తొస్తుంది.

మన తెలుగు మాస్టారు రిటైరైన రోజు మీలో చాలామంది ఇక్కడున్నారు. నేనప్పుడు ఇంజినీరింగ్ రెండో ఏడు. మామయ్య కెమెరా అడిగి తెచ్చాను. అంతకుముందు నెల రోజులు కాలేజీ లైబ్రరీలో ఫొటోగ్రఫీ పుస్తకం చదివి నోట్సు రాసుకున్నాను. 2, 2.8, 4, 5.6, 8... ఒక్కో అంకెకీ వెలుతురు సగమవుతుందనీ, పక్కపక్క అంకెల నిష్పత్తి రెండుకి వర్గమూలమనీ లెక్క కట్టి మురిసిపోయాను. మాస్టారిని కొత్తగా సున్నం కొట్టిన గోడ ముందు నిలబెట్టాను. తెల్ల పంచె, తెల్ల లాల్చీ. పుస్తకంలో చెప్పినట్టే, మీటరు సూది సరిగ్గా మధ్యకి వచ్చేదాకా రింగు తిప్పి నొక్కాను. ఆరు ఫొటోలు, ఆరూ అలాగే.

కడిగించి చూస్తే గోడ బూడిద రంగు, పంచె బూడిద రంగు, మాస్టారి ముఖం నల్లటి మచ్చ. స్టూడియో ఆయన ఎంత లేతగా ప్రింటు వేసినా లాభం లేకపోయింది. నెగటివ్‌లో ముఖం పడితేగా!

మళ్లీ పుస్తకం తెరిచాను. మీటరుకి తెలుపు, నలుపు తెలియవు. ఎదురుగా ఏమున్నా నూటికి 18 పాళ్ల వెలుగును తిప్పిపంపే బూడిద రంగే అనుకుంటుంది. తెల్లగోడ ఉంటే మనమే ఒకటి రెండు స్టాపులు పెంచాలి. అంతా అక్కడే ఉంది. ఆ వాక్యం కింద నా పెన్సిల్ గీత కూడా ఉంది. (లైబ్రరీ పుస్తకంలో గీతలు గీయకూడదని ఈ బళ్లోనే నేర్పారు, క్షమించాలి.)

కాబట్టి పుస్తకం తప్పు చెప్పలేదు. చదివినప్పుడు నాకు అర్థమైందనిపించింది, అంతే. పాడైన నెగటివ్‌ని పక్కన పెట్టుకుని చదివినప్పుడే అది బుర్రకెక్కింది.

ఆ తర్వాత చాలా పుస్తకాలు చదివాను. ఆన్సెల్ ఆడమ్స్ 'ద నెగటివ్' కొత్తవాళ్ల కోసం కాదు. పదేళ్లు ఫొటోలు తీశాక చదివితే రుచి తెలుస్తుంది. బ్రయాన్ పీటర్సన్ 1990లో తెచ్చిన 'అండర్‌స్టాండింగ్ ఎక్స్‌పోజర్' కొత్తవాళ్లకి నయం. కానీ చాలా పుస్తకాలతో నాకు ఒక పేచీ ఉంది. అన్నీ మంచి ఫొటోలే వేస్తారు, కింద అంకెలు ఇస్తారు. ఆ అంకెలు నేనూ ఎక్కించుకున్నాను. వాళ్ల ఎండ వేరు, మన ఎండ వేరు. ఆ అంకెలతో ఏం చేసుకుంటాం? చెడిపోయిన ఫొటో వేసి, ఎందుకు చెడిందో చెప్పే పుస్తకం దొరికితే వదలకండి.

మా రోజుల్లో రోలుకి 36 ఫొటోలు. ఒక్కోదానికీ డబ్బు. అందుకే తీసి నేర్చుకోవాల్సింది చదివి నేర్చుకోవాలనుకున్నాం. ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు. ఒక తెల్ల తువ్వాలు, ఒక నల్ల గొడుగు విడివిడిగా ఫ్రేము నిండా పెట్టి, ఆటోలో తీయండి. రెండూ దాదాపు ఒకే బూడిద రంగులో వస్తాయి. ఆ తర్వాత పుస్తకం తెరవండి. ఈ వరస తిరగబడితే నా కథే.

కొన్నాళ్లకి మాస్టారు బజారులో కనిపించి, "ఏరా, ఫొటోలేమయ్యాయి?" అన్నారు. "ఇంకా కడిగించలేదండీ" అన్నాను. ఆయన మళ్లీ అడగలేదు. ఇప్పుడాయన లేరు. ఆ ఆరు నెగటివ్‌లూ నా దగ్గర ఇంకా ఉన్నాయి.

భోజనాల తర్వాత గ్రూప్ ఫొటో ఆ గోడ ముందేనట. జూబిలీకని మళ్లీ సున్నం కొట్టారు. ఫొటో తీసే అబ్బాయితో ఇందాకే మాట్లాడి వచ్చాను. ఒకటిన్నర స్టాపు పెంచి ముందొకటి తీసి, గురువుల ముఖాలు నాకు చూపిస్తానన్నాడు. అప్పటిదాకా ఎవరూ కదలకండి.